థైమోసిన్ ఆల్ఫా 1 ఇంజెక్షన్: ఎవరికి, ఎంత, ఎలా కలపాలి, ఎక్కడ చెడుతుంది

కిరణ్_కూకట్‌పల్లి

ఇమ్యూనిటీ ఇంజెక్షన్ అంటూ థైమోసిన్ ఆల్ఫా 1 పేరు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఒకరు వారానికి రెండు అంటారు, ఇంకొకరు రోజూ అంటారు. థైమస్ క్యాప్సూల్స్, టీబీ 500, థైమాలిన్ అన్నిటినీ ఒకే గాటన కట్టి చెబుతున్నారు. తెలిసినవాళ్ళు ఒకచోట వివరంగా రాస్తే బావుంటుంది. ఏది ఏమిటి, అసలు డోస్ ఎంత, వయల్ ఎలా కలపాలి, దేనికి పనిచేస్తుందని తేలింది? "నాకు బాగా పనిచేసింది బ్రదర్" టైపు రిప్లైలు మాత్రం వద్దు, దండం పెడతాను.

టీసెల్_వాణి

ముందు పేర్లు విడదీద్దాం కిరణ్ గారూ. సగం గందరగోళం అక్కడే ఉంది.

థైమస్ రొమ్ము ఎముక వెనక ఉండే గ్రంథి. ఎముక మజ్జలో పుట్టిన కణాలు ఇక్కడికొచ్చి టీ కణాలుగా తయారవుతాయి. సొంత శరీరం మీదే తిరగబడే రకాల్ని ఏరి పారేసేదీ ఇక్కడే. ఈ గ్రంథికి ఇంత పని ఉందని 1961లో జాక్ మిల్లర్ చూపించేదాకా ఎవరికీ పెద్దగా పట్టలేదు. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసేస్తే వాటి రోగనిరోధక శక్తి కుప్పకూలింది. మనుషుల్లో యుక్తవయసు దాటాక ఇది క్రమంగా కుంచించుకుపోయి, ఆ జాగాలో కొవ్వు చేరుతుంది.

1966లో అలెన్ గోల్డ్‌స్టీన్, అబ్రహామ్ వైట్ బృందం దూడల థైమస్ నుంచి తీసిన సారానికి థైమోసిన్ అని పేరు పెట్టారు. అది ఒక్క పదార్థం కాదు, బోలెడన్ని పెప్టైడ్ల (అమైనో ఆమ్లాల చిన్న గొలుసుల) కలగలుపు. దాన్ని శుద్ధి చేసుకుంటూ పోగా దొరికినదే థైమోసిన్ ఆల్ఫా 1. 28 అమైనో ఆమ్లాలు, మొదటి సెరిన్ మీద ఎసిటైల్ గుంపు. దీని వరుస 1977లో బయటికొచ్చింది. ఇప్పుడు వాడేది పూర్తిగా ల్యాబ్‌లో కట్టినది. మందు పేరు థైమాల్ఫాసిన్, పాత బ్రాండు జడాక్సిన్. పశువుల గ్రంథితో దీనికి ఇక సంబంధం లేదు.

థైమోసిన్ బీటా 4 పూర్తిగా వేరు. 43 అమైనో ఆమ్లాలు, దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది, కణానికి ఆకారమిచ్చే యాక్టిన్ ప్రొటీన్‌ని పట్టి ఉంచడం దాని పని. థైమస్‌లో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు అంటుకుంది, అంతే. టీబీ 500 ఈ కుటుంబానిది. దాన్ని ఇమ్యూనిటీ కోసం అమ్మేవాడికి తను ఏం అమ్ముతున్నాడో తెలియదు. క్రీడాకారులకైతే బీటా 4, టీబీ 500 రెండూ వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో ఉన్నాయి.

థైమోపెంటిన్ అంటే థైమోపొయెటిన్ అనే ప్రొటీన్‌లోంచి తీసిన ఐదు అమైనో ఆమ్లాల ముక్క. దాని వెనక ఉన్న గిడియన్ గోల్డ్‌స్టీన్ వేరే మనిషి. ఇద్దరు గోల్డ్‌స్టీన్ల పేపర్లు కలిపేసి రాసిన వ్యాసాలు నెట్‌లో కొల్లలు. థైమోపెంటిన్ రక్తంలో అర నిమిషంలోనే సగం విరిగిపోతుంది. థైమాలిన్ రష్యావాళ్ళది, పశువుల థైమస్ సారం. థైమోజెన్ కూడా అక్కడిదే, రెండే అమైనో ఆమ్లాలు. ఇక థైములిన్‌కి తొమ్మిది, జింక్ అతుక్కుంటే తప్ప అది పనిచేయదు. జింక్ సంగతికి మళ్ళీ వస్తాను.

హెచ్‌పీఎల్‌సీ_రాణి

క్యాప్సూల్స్ మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. 28 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌కి పొట్టలో ఆమ్లం, తర్వాత ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ తగులుతాయి. అందులో లైసిన్ అనే అమైనో ఆమ్లాలు నాలుగున్నాయి, ట్రిప్సిన్ కోసేది సరిగ్గా లైసిన్ పక్కనే. మింగితే మిగిలేది అమైనో ఆమ్లాలే. "థైమస్ గ్లాండ్యులర్" డబ్బాల్లో ఉండేది ఎండబెట్టిన పశుగ్రంథి పొడి. అందులో ఆల్ఫా 1 ఎంతుందో లేబుల్ మీద రాసినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

ఫార్మసీ_సుబ్బు

డోస్, కలపడం నేను రాస్తాను.

వయల్‌లో 1.6 మిల్లీగ్రాముల థైమాల్ఫాసిన్ తెల్లటి పొడి గడ్డలా ఉంటుంది, తోడుగా మానిటాల్, ఫాస్ఫేట్ బఫర్. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్ గడికి ఆనించి పెట్టొద్దు, తలుపు అరలోనూ వద్దు, మధ్య అరలో వెనక గోడకి తగలకుండా పెట్టాలి.

కలపడానికి ఇంజెక్షన్‌కి వాడే స్టెరైల్ వాటర్ 1 మి.లీ. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. మన దగ్గర స్టెరైల్ వాటర్ ఆంప్యూల్ చాలాచోట్ల 5 లేదా 10 మి.లీ. సైజులో ఇస్తారు. ఆంప్యూల్ మొత్తం వయల్‌లో కొట్టేస్తే మందు పలచనై, చర్మం కింద ఐదు మి.లీ. ఎక్కించాల్సి వస్తుంది. లేదా "ఒక మి.లీ. వేయమన్నారు" కదా అని అంతే వేసి, 0.32 మి.గ్రా. ఇచ్చి ఊరుకుంటారు. ఆంప్యూల్ ఎంత పెద్దదైనా సిరంజిలోకి 1 మి.లీ. తీసుకుని మిగతాది పారబోయాలి.

రబ్బరు మూతని స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, సూది లోపలికి పోనిచ్చి, నీళ్ళు గాజు గోడ మీదుగా జారేలా మెల్లగా వదలండి. పొడి మీదకి నేరుగా చిమ్మకూడదు. తర్వాత వయల్‌ని వేళ్ళ మధ్య తిప్పండి, కుదపొద్దు. కుదిపితే నురుగొస్తుంది. నురుగులో మందు పోతుంది, పైగా కొలత తప్పుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో నీళ్ళలా తేటగా అవ్వాలి. మసకగా ఉన్నా, పోగులు తేలుతున్నా పారేయడమే. కలిపాక వెంటనే ఇచ్చేయాలి. ఆ వయల్‌లో క్రిమినాశకం ఏమీ లేదు, రేపటికి దాచే వస్తువు కాదు.

ఇచ్చేది చర్మం కింద: పొట్ట, తొడ పైభాగం, భుజం వెనక, ప్రతిసారీ చోటు మార్చి. ఐవీ లైన్‌లో వేయకూడదు, వేరే మందుతో ఒకే సిరంజిలో కలపకూడదు. మామూలు డోస్ 1.6 మి.గ్రా., వారానికి రెండుసార్లు, మధ్యలో మూడు నాలుగు రోజుల ఎడంతో. బరువు 40 కిలోల లోపు అయితే కిలోకి 40 మైక్రోగ్రాములు. అంటే 30 కిలోల మనిషికి 1.2 మి.గ్రా., పైన చెప్పినట్టు కలిపితే 0.75 మి.లీ.

కిరణ్_కూకట్‌పల్లి

సుబ్బు గారూ, థాంక్స్. మరి "రోజూ" అనేవాళ్ళ మాట ఎక్కడినుంచి వచ్చింది? కాలేయానికి వాడతారని కూడా విన్నాను.

లివర్‌వార్డు

వారానికి రెండు అనేది హెపటైటిస్ బి లెక్క. ఈ మందు ముప్పైకి పైగా దేశాల్లో అనుమతి తెచ్చుకున్నది ముఖ్యంగా దీనితోనే. ఆరు నెలలు అంటే 52 ఇంజెక్షన్లు. 1998లో వచ్చిన తైవాన్ ట్రయల్‌లో 98 మంది. 26 వారాలు తీసుకున్నవాళ్ళలో 40.6 శాతం, 52 వారాలవాళ్ళలో 26.5, ఏమీ తీసుకోనివాళ్ళలో 9.4 శాతం మందిలో వైరస్ అణిగింది. ఎక్కువకాలం తీసుకున్నవాళ్ళలో ఫలితం తక్కువగా కనిపించడం చూడండి. ఇంత చిన్న ట్రయల్ అంకెల మీద మరీ బరువు మోపకూడదని అదే చెబుతోంది. దాదాపు అదే కాలంలో అమెరికాలో ప్లాసిబోతో (ఉత్తుత్తి మందుతో) పోల్చి చూస్తే తేడా గణాంకాలకి నిలవలేదు.

ఇప్పుడు రోజుకొక టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ మాత్ర వైరస్‌ని అణచి ఉంచుతుంది. కాబట్టి హెపటైటిస్ బికి దీన్ని మొదటి మందుగా ఎవరూ రాయరు. సి రకంలో నేరుగా వైరస్ మీద పనిచేసే మాత్రలు వచ్చాక అసలు ప్రశ్నే లేదు.

ఇంకో సంగతి. బి రకం ఉన్నవాళ్ళకి ఇది మొదలుపెట్టాక ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బని చూపే రక్తపరీక్ష అంకె) ఒక్కసారిగా ఎగబాకవచ్చు, ముందున్నదానికి రెట్టింపు దాటవచ్చు. రోగనిరోధక కణాలు వైరస్ ఉన్న కాలేయ కణాల మీద పడటమే కారణం. కామెర్లు, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం కొలత) పెరగడం లాంటి కాలేయ వైఫల్యం గుర్తులు లేకపోతే సాధారణంగా ఆపరు. కానీ దాన్ని కనిపెట్టే మనిషి ఉండాలి కదా. సిరోసిస్ ముదిరినవాళ్ళు సొంతంగా ఈ ఇంజెక్షన్ పొడుచుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. తన ఒంట్లో హెపటైటిస్ బి ఉందని తెలియనివాళ్ళు మన దగ్గర తక్కువేం లేరు.

ఐసీయూ_మూర్తి

రోజూ, రోజుకి రెండుసార్లు అనేవి సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కి శరీరం అదుపుతప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం) ట్రయల్స్ లెక్కలు. ఇంట్లో వాడేవాళ్ళవి కావు.

2013లో వచ్చిన ఈటాస్ ట్రయల్‌లో 361 మంది. 1.6 మి.గ్రా. రోజుకి రెండుసార్లు ఐదు రోజులు, తర్వాత రోజుకొకసారి రెండు రోజులు. 28 రోజుల్లో మరణాలు మందు తీసుకున్నవాళ్ళలో 26 శాతం, మిగతావాళ్ళలో 35 శాతం. పీ విలువ (0.05 లోపు ఉంటేనే తేడాని లెక్కలోకి తీసుకుంటారు) ఒక లెక్కలో 0.062, ఇంకో లెక్కలో 0.049. గీత మీద నిలబడ్డ ఫలితం. అయినా దీన్ని పట్టుకుని చాలా ఐసీయూల్లో రాసేశారు.

తర్వాత అసలు పరీక్ష జరిగింది. చైనాలో 22 కేంద్రాలు, 1106 మంది, ప్లాసిబోతో పోల్చి, ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా చేసిన ట్రయల్. 12 గంటలకోసారి 1.6 మి.గ్రా., ఏడు రోజులు. 2025లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. మరణాలు 23.4 శాతం, ప్లాసిబోలో 24.1. తేడా లేదనే చెప్పాలి. ప్యాంక్రియాటైటిస్‌లోనూ (క్లోమం వాపులోనూ) ఇంతే: 508 మందిలో, రెండు వారాలు ఇచ్చి చూస్తే, చచ్చిన కణజాలానికి ఇన్ఫెక్షన్ సోకడం మందు తీసుకున్నవాళ్ళలో 23.4 శాతం, ప్లాసిబోలో 27.5 శాతం. ఆ తేడా కాకతాళీయం కూడా కావచ్చు.

నా దృష్టిలో సెప్సిస్‌లో అందరికీ రాసే మందుగా దీని కథ ముగిసింది. యాంటీబయాటిక్ మొదటి గంటలో పడిందా, చీము బయటికి తీశామా అన్నవి వదిలేసి దీనికోసం పరుగెత్తించడం అన్యాయం. బిల్లు కట్టేది పేషెంటు వాళ్ళు.

ఫార్మసీ_సుబ్బు

మూర్తి గారూ, మీతో పూర్తిగా ఏకీభవించలేను. అదే ట్రయల్‌లో 60 దాటినవాళ్ళలో ప్లాసిబోతో పోలిస్తే మరణాల నిష్పత్తి 0.81, అంటే ఒకటి కంటే తక్కువ. వృద్ధుల్లో టీ కణాలు అడుగంటి ఉంటాయి కాబట్టి వాళ్ళకి పనికొచ్చే అవకాశం ఉందిగా?

ఐసీయూ_మూర్తి

సగమే చెప్పారు సుబ్బు గారూ. అదే పట్టికలో 60 లోపువాళ్ళ నిష్పత్తి 1.67. ఒక వరుసని నమ్మితే రెండోదాన్నీ నమ్మాలి. అప్పుడు వయసు తక్కువవాళ్ళకి ఇది కీడు చేస్తోందని ఒప్పుకోవాల్సి వస్తుంది. మొత్తం మీద తేడా లేనప్పుడు ఉపగుంపుల్లో ఇలా అటొకటి ఇటొకటి కనబడటం మామూలే. దాన్ని తర్వాతి ట్రయల్‌కి ప్రశ్నగా తీసుకోవాలి, ప్రిస్క్రిప్షన్‌కి కాదు.

వయసు కంటే మోనోసైట్లు అనే తెల్ల కణాల మీద హెచ్‌ఎల్‌ఏ డీఆర్ (రోగనిరోధకత ఎంత చురుగ్గా ఉందో చూపే గుర్తు) కొలిచి, బాగా పడిపోయినవాళ్ళనే ఎంచుకుని ట్రయల్ చేస్తే అర్థముంటుంది. సెప్సిస్ మొదటి రోజుల్లో కొందరిలో మంట భగ్గుమంటూ ఉంటుంది, ఇంకొందరిలో రోగనిరోధకత అప్పటికే చతికిలబడి ఉంటుంది. ఇద్దరికీ ఒకే మందు ఇచ్చి సగటు తీస్తే సున్నా రావడంలో వింతేముంది? ఇంకోటి, షాక్‌లో నారడ్రినలిన్ (రక్తపోటు నిలబెట్టే మందు) మీద ఉన్న పేషెంటుకి చర్మం కింద రక్తప్రసారమే అంతంతమాత్రం. అక్కడ పొడిచిన మందు ఎంత లోపలికి వెళ్తుందన్నదీ ఆలోచించాల్సిందే.

ఫార్మసీ_సుబ్బు

1.67 మాట నిజమే, దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం కుదరదు. హెచ్‌ఎల్‌ఏ డీఆర్ కొలిచే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష మన జిల్లా ఆస్పత్రుల్లో ఎక్కడ దొరుకుతుందన్నది వేరే సంగతి.

టీసెల్_వాణి

ఇది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు చెబితే ఈ వాదన ఇంకా తేటపడుతుంది. క్రిముల్ని పట్టి టీ కణాలకి చూపించే డెండ్రైటిక్ కణాల్లోని టీఎల్‌ఆర్ 9, టీఎల్‌ఆర్ 2 (క్రిముల్ని పసిగట్టే గ్రాహకాలు) దారుల్ని ఆల్ఫా 1 కదుపుతుంది. అక్కడినుంచి ఇంటర్‌ల్యూకిన్ 12, ఇంటర్‌ఫెరాన్లు అనే సంకేత ప్రొటీన్లు, టీహెచ్ 1 (వైరస్ సోకిన కణాల మీద దాడి) వైపు మొగ్గు. అదే సమయంలో ఐడీఓ అనే ఎంజైమ్ ద్వారా రెగ్యులేటరీ టీ కణాల్నీ పెంచుతుంది, అంటే కళ్ళెం కూడా తనే వేస్తుంది. ఇటలీలో పెరుజా బృందం చూపించిన ఈ రెండో పని సంగతి అమ్మేవాళ్ళు ఎత్తరు. ఒకే దిశలో "పెంచే" మందు కాదిది. రక్తంలో గరిష్ఠ స్థాయి సుమారు రెండు గంటలకి వస్తుంది, అర్ధాయువు కూడా సుమారు రెండు గంటలే. పేరుకుపోదు.

అవయవ మార్పిడి చేయించుకుని టాక్రోలిమస్ లాంటివి వాడేవాళ్ళకి ఇది ఇవ్వకూడదు. కావాలని అణచి పెట్టిన రోగనిరోధకతని మళ్ళీ లేపడం అవుతుంది. లూపస్, రుమటాయిడ్ కీళ్ళవాతం లాంటి, రోగనిరోధకత సొంత శరీరం మీదే తిరగబడే జబ్బులున్నవాళ్ళు తమ డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికి పోకూడదు. దుష్ఫలితాలు మామూలుగా సూది గుచ్చినచోట ఎరుపు, మంట. అరుదుగా దద్దుర్లు, చేతుల వాపుతో కీళ్ళ నొప్పులు.

క్యాన్సర్ గురించి ఎవరైనా అడగకముందే: 2011 కాక్రేన్ సమీక్షలో (పాత ట్రయల్స్‌ని కలిపి బేరీజు వేసేది) 26 ట్రయల్స్, 2736 మంది. శుద్ధి చేసిన థైమస్ సారాలతో ఆయుష్షు పెరిగిన దాఖలా లేదు. ఇన్ఫెక్షన్లు కొంత తగ్గి ఉండొచ్చన్న సూచన మాత్రం ఉంది.

డల్లాస్_అనిల్

అమెరికాలో ఉన్నవాళ్ళకోసం. ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని మందుగా ఎన్నడూ ఆమోదించలేదు. డీజార్జ్ సిండ్రోమ్ (థైమస్ సరిగా ఎదగని పుట్టుక జబ్బు), మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) వంటివాటికి ఆర్ఫన్ హోదా (అరుదైన జబ్బుల మందులకి ఇచ్చే ప్రోత్సాహం) ఇచ్చింది, కానీ ఆ హోదా ఆమోదం కాదు. ఇక్కడి వెల్‌నెస్ క్లినిక్‌లు కాంపౌండింగ్ ఫార్మసీల (ఆర్డర్ మీద మందు తయారుచేసి ఇచ్చేవి) నుంచి తెప్పించేవి. 2023లో ఎఫ్‌డీఏ దీన్ని భద్రతాపరమైన సందేహాలున్న పదార్థాల జాబితాలో చేర్చాక ఆ దారి ఇరుకైంది. అప్పటినుంచి "రీసెర్చ్ యూజ్ ఓన్లీ" వయల్స్ మీద పడ్డారు జనం. 2021లో ఎఫ్‌డీఏ ఆమోదించిన రెథిమిక్‌ని చూపించి "థైమస్ చికిత్సకి ఆమోదం ఉంది" అని కొందరు ప్రచారం చేస్తున్నారు. అది పెప్టైడ్ కాదు. థైమస్ లేకుండా పుట్టిన పిల్లలకి అమర్చే థైమస్ కణజాలం.

హెచ్‌పీఎల్‌సీ_రాణి

ఆ రీసెర్చ్ వయల్స్ గురించి కాస్త ఎక్కువే రాయాలి.

వాళ్ళు పెట్టే సర్టిఫికెట్‌లో "ప్యూరిటీ 99 శాతం" అని ఉంటుంది. అది క్రోమటోగ్రామ్‌లో (పదార్థాల్ని విడదీసి గీసే గ్రాఫ్‌లో) ఆ శిఖరం వాటా, వయల్‌లో మందు బరువు కాదు. పొడిలో నీరు ఉంటుంది, ఉప్పు ఉంటుంది. ఈ పెప్టైడ్‌లో నాలుగు లైసిన్లు. నాలుగింటికీ తయారీలో మిగిలే ట్రైఫ్లోరోఎసిటేట్ ఉప్పు అంటుకుంటే బరువులో దాదాపు 13 శాతం అదే. నెట్ పెప్టైడ్ కంటెంట్ అని విడిగా రాయకపోతే "10 మి.గ్రా." అన్న మాటకి విలువ లేదు.

రెండోది, ఈ వరుసలో ట్రిప్టోఫాన్, టైరోసిన్, ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాలు ఒక్కటీ లేవు. అందుకే 280 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో ఇది కనబడదు. ఆ తరంగదైర్ఘ్యంలో తీసిన క్రోమటోగ్రామ్‌లో పెద్ద శిఖరం చూపిస్తున్నారంటే అది ఇంకేదో. 214 లేదా 220 దగ్గర తీయాలి. మాస్ స్పెక్‌లో (అణువు బరువు తూచే పరికరంలో) సగటు ద్రవ్యరాశి 3108, మూడు ప్రోటాన్లతో 1037 దగ్గర, నాలుగుతో 778 దగ్గర రావాలి. ఎసిటైల్ గుంపు పడకపోతే సరిగ్గా 42 తక్కువొస్తుంది. సిస్టీన్, మెథియోనిన్ లేవు కాబట్టి ఆక్సీకరణ బాధ తక్కువే. ఆస్పార్టిక్ ఆమ్లం దగ్గర జరిగే మార్పులు, చివరి ఆస్పరజిన్ డీఅమిడేషన్ (దాని అమైడ్ గుంపు ఊడిపోవడం) చూసుకోవాలి. డీఅమిడేషన్‌కి ద్రవ్యరాశి ఒకటే పెరుగుతుంది, నాసిరకం మాస్ స్పెక్‌లో దొరకదు.

అన్నిటికంటే పెద్దది ఎండోటాక్సిన్. బ్యాక్టీరియా చచ్చినా దాని గోడ ముక్కలు మిగులుతాయి. 0.22 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియాని ఆపుతుంది కానీ వీటిని ఆపదు, ఆటోక్లేవ్‌కి కూడా లొంగవు. గాజు సామాను 250 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి. మనిషికి పరిమితి గంటకి కిలోకి 5 ఎండోటాక్సిన్ యూనిట్లు. సర్టిఫికెట్‌లో ఎండోటాక్సిన్ కొలిచే ఎల్‌ఏఎల్ పరీక్ష ఫలితం లేకపోతే ఆ వయల్ ఒంట్లోకి వెళ్ళే వస్తువు కాదు.

తమాషా ఏమిటంటే ఎండోటాక్సిన్ కూడా టీఎల్‌ఆర్ దారిలోనే పనిచేస్తుంది, టీఎల్‌ఆర్ 4. ఇంజెక్షన్ వేసుకున్న సాయంత్రం చలి, ఒళ్ళు నొప్పులు, వెచ్చబడటం. "చూశారా, ఇమ్యూనిటీ లేస్తోంది" అని గ్రూపుల్లో సంబరం. శుభ్రమైన థైమాల్ఫాసిన్‌కి జ్వరం రావడం మామూలు లక్షణం కాదు.

కిరణ్_కూకట్‌పల్లి

అమ్మో, ఆ జ్వరం మెసేజ్‌లు బోలెడు చూశాను. అయితే ఆరోగ్యంగా ఉండి, తరచూ జలుబు చేసే మనిషికి దీని అవసరం ఉందా? వయసు పెరిగేకొద్దీ థైమస్ పోతుంది కాబట్టి అందరూ తీసుకోవాలని ఒక వీడియోలో చెప్పారు.

టీసెల్_వాణి

ఆ వీడియోల్లో తరచూ చూపించేది 2023లో ఎన్‌ఈజేఎం అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం. పెద్దవాళ్ళలో థైమస్ తీసేసిన 1146 మందిని అలాంటి ఛాతీ ఆపరేషనే అయి థైమస్ ఉన్నవాళ్ళతో పోల్చారు. ఐదేళ్ళలో మరణాలు 8.1 శాతం, రెండో గుంపులో 2.8. క్యాన్సర్ మొదటి గుంపులో 7.4 శాతం, రెండో గుంపులో 3.7. పెద్దయ్యాక కూడా థైమస్ పనికొస్తుందని దీన్నిబట్టి చెప్పవచ్చు. పెప్టైడ్ పొడుచుకుంటే ఆ లోటు తీరుతుందని అందులో ఎక్కడా లేదు. కొత్త టీ కణాల్ని తయారుచేయడానికి కావలసింది గ్రంథి కణజాలం. ఆల్ఫా 1 పనిచేసేది ఎక్కువగా ఉన్న కణాల మీద.

ఆరోగ్యవంతులకి జలుబులు తగ్గుతాయని చూపిన గట్టి ట్రయల్ ఏదీ లేదు. వృద్ధుల్లో ఫ్లూ టీకాకి తోడుగా ఇస్తే యాంటీబాడీలు పెరిగాయని 1980ల్లో చిన్న ట్రయల్స్ ఉన్నాయి. ఇప్పుడు 65 దాటినవాళ్ళకి ఎక్కువ డోస్ ఫ్లూ టీకాలే తయారై ఉన్నాయి.

తరచూ ఇన్ఫెక్షన్లు వస్తుంటే మొదట సీబీసీలో (రక్తకణాల పరీక్షలో) లింఫోసైట్ల సంఖ్య చూడండి, శాతం కాదు. తర్వాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్), హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, ఇమ్యూనోగ్లోబులిన్లు (యాంటీబాడీలు). ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వస్తే డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి, గ్రూపులోకి కాదు.

జింక్ అన్నాను కదా. అది తగ్గితే థైములిన్ ఉన్నా చచ్చుబడి ఉంటుంది, జింక్ ఇస్తే మళ్ళీ పనిలోకి వస్తుంది. ఇది మనుషుల్లోనే చూపించారు. హైదరాబాద్ ఎన్‌ఐఎన్‌లో (జాతీయ పోషకాహార సంస్థలో) తయారైన 2020 సిఫారసుల ప్రకారం మగవాళ్ళకి రోజుకి 17 మి.గ్రా., ఆడవాళ్ళకి 13.2. మన అన్నం, పప్పుల్లో ఫైటేట్లు ఎక్కువ, అవి జింక్‌ని పట్టేస్తాయి, అందుకే అంకె అంత పెద్దది. పప్పులు నానబెట్టి, మొలకెత్తించి, పిండి పులియబెట్టి తింటే కొంత నయం. అలాగని రోజూ 50 మి.గ్రా. మాత్రలు నెలల తరబడి మింగితే రాగి పడిపోయి రక్తహీనత వస్తుంది, తెల్ల కణాలూ తగ్గుతాయి.

కిరణ్_కూకట్‌పల్లి

అర్థమైంది మేడమ్. చివరిగా ఒక్కటి. డాక్టర్ రాసిన మందే అయితే, ఇంట్లో ఇన్సులిన్ సిరంజితో ఇవ్వొచ్చా? యూనిట్ల లెక్క ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

ఫార్మసీ_సుబ్బు

అడిగి మంచి పని చేశారు. మన మెడికల్ షాపుల్లో రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు ఉంటాయి. ఎర్ర మూతది యూ 40, అందులో 40 యూనిట్లు కలిపితే ఒక మి.లీ. నారింజ మూతది యూ 100, అందులో ఒక మి.లీ.కి 100 యూనిట్లు. యూట్యూబ్ చార్టులు అమెరికావి, అన్నీ యూ 100. వాళ్ళు 10 మి.గ్రా. వయల్‌లో 2 మి.లీ. కలిపి "32 యూనిట్లు" అంటారు, అంటే 0.32 మి.లీ., 1.6 మి.గ్రా. అదే 32 ఎర్ర మూత సిరంజిలో తీస్తే 0.8 మి.లీ., 4 మి.గ్రా. ఒంట్లోకి పోతుంది. రెండున్నర రెట్లు.

1.6 మి.గ్రా. వయల్‌కి అసలు యూనిట్ల గొడవే అక్కర్లేదు. మి.లీ. గీతలున్న 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజి కొనండి. కలపడానికి ఒక సూది, ఇవ్వడానికి 26 గేజ్ అర అంగుళం సూది ఇంకొకటి. రబ్బరు మూత గుచ్చాక సూది మొన మొద్దుబారుతుంది, అందుకే రెండోది. 40 కిలోల లోపువాళ్ళకి డోస్ 0.75 మి.లీ. అయితే ఆ గీత దగ్గరే ఆపి, మిగిలిన పావు వయల్‌తో సహా పారేయాలి. వాడిన సూదులు మూతలేసి చెత్తబుట్టలో వేయకండి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పోగేసి ఇంజెక్షన్ రాసిన ఆస్పత్రిలో ఇచ్చేయండి.